పన్ను చూపిస్తే అంగిలి చూస్తారు

ఫిబ్రవరి 3, సోమవారం

మళ్ళీ మొదలైంది. కుడివైపు, పై దవడ, కోరపన్ను పక్కది. పొద్దున్న టీ తగిలీ తగలకముందే జివ్వుమని కంటి దాకా లాగింది. గ్లాసు వదిలేయబోయాను. మా ఆయన చూశాడు. చూశాడని తెలిసి వెంటనే కన్ను కొట్టాను. ఇంత వయసొచ్చినా దీనికి సిగ్గు లేదనుకుని తల తిప్పేసుకున్నాడు. బతికిపోయాను.

సోమవారం మల్కాపురంలో సగం ఇళ్ళు చేప ముట్టవు. తట్ట సగం వెనక్కి తెచ్చాను. మంచిదే. అరవక్కర్లేకపోయింది.

ఫిబ్రవరి 4

పడుకుంటే ఎక్కువ. తల కింద ఇంకో దిండు వేస్తే కాస్త నయం. తీపి తగిలితే ఎగిరిపడుతోంది, చల్లనీళ్ళకి ఇంకా. ఎడంవైపే నములుతున్నాను, మేకలాగ.

పొగ ఒక్కటే పని చేస్తోంది. చుట్ట అంటించి, నిప్పు కొస లోపలికి తిప్పి, పెదాలు మూసేస్తే — ఆ వేడి పోయి పన్ను మీద కూర్చుంటుంది. సలుపు మొద్దుబారుతుంది. యారాడలో మా వాళ్ళంతా అడ్డపొగే. సముద్రం గాలికి బయటి నిప్పు నిలవదు. చేతులు రెండూ చేపల్లో ఉంటే చుట్టని ఎవరు పట్టుకుంటారు? అమ్మమ్మ అలాగే తాగింది. అమ్మా అలాగే. పంటినొప్పికి మాకు తెలిసిన మందూ అదే.

నాలుక పైకి పోతోంది. వద్దన్నా పోతోంది. అంగిలి మీద, సరిగ్గా నిప్పు ఆనే చోట, గరుకు... పొలుసు తియ్యని చేపలాగ. పోయిన వానల్లో లేదు అది.

రాయకూడదనుకున్నాను. రాసేస్తున్నాను. అమ్మకి చివర్లో అంగిట్లో చిల్లు పడింది. గంజి పోస్తే ముక్కులోంచి వచ్చేది. మొదట అమ్మ కూడా పంటినొప్పి అనే ఆసుపత్రికి వెళ్ళింది. నడిచి వెళ్ళింది, జోకులేసుకుంటూ. అద్దం పెట్టి చూసినాయన పన్ను సంగతి వదిలేసి పైకి చూశాడు. తర్వాత ఎవరూ జోకులు వెయ్యలేదు.

పన్ను చూపిస్తే అంగిలి చూస్తారు. నోరు మూసుకుంటే ఏమీ లేదు. నేను నోరు మూసుకోవడం! ఈ వీధికి తెలిస్తే టపాకాయలు కాలుస్తుంది.

ఫిబ్రవరి 6

అపార్టుమెంట్ల వీధిలో కేక వేశాను. "కానాగంతలో... నెత్తళ్ళో..." గాలి లోపలికి పోగానే పన్నులో సూది దిగింది. కేక మధ్యలో తెగిపోయింది. మేడ మీది నుంచి రిటైరైన మేష్టారు —

"ఏటమ్మా, బేటరీ అయిపోనాదా?"

"నేదు మేష్టారూ. మీరింకా ఉన్నారో నేదోనని సౌండు తగ్గించినాను."

ఆయన పగలబడి నవ్వాడు. ఆయన భార్య లోపలికి వెళ్ళిపోయింది. బేరం పోయింది.

ప్రతి చేపకీ మొప్పలెత్తి, వాసన చూసి, మొహం చిట్లించి, చివరికి కొనకుండా పోయే ఆవిడ ఉంది కదా. ఇవాళ చేపల అడుగున బతికున్న పీతను పెట్టాను, డెక్కలు కట్టకుండా. ఆవిడ కేక నా కేక కంటే దూరం వెళ్ళింది. నవ్వబోయాను — నవ్వడానికీ నోరు తెరవాలి. గాలి తగిలింది. కళ్ళమ్మట నీళ్ళు.

"సేసిందంతా సేసి మళ్ళీ నువ్వేడుస్తన్నావేటి?" అందావిడ.

జాలిపడి అరకేజీ కొంది. ఇలాగైతే రోజూ ఏడవొచ్చు.

ఫిబ్రవరి 7

పైడమ్మ పట్టేసింది. పక్క గుమ్మం, వరసకి మరదలు. ఇద్దరం ఒకే ఆటోలో హార్బరుకి వెళ్తాం, ఒకే కట్టలోంచి చుట్టలు తీస్తాం. దాని దగ్గర ఏం దాగుతుంది.

"వొదినా, జిల్లేడు పాలు ఎట్టు. ఒక్క సుక్క. లోపల పురుగు సచ్చిపోద్ది."

"పురుగుతో పాటు నానూ పోతానే."

"నువ్వు పోవు. ఆ యముడికి బయముండదేటి?"

పోసింది. చుక్క పన్నులో పడలేదు, చిగురు మీద పడింది. మంట మంట. పెదవి లోపల తోలు ఊడింది. ఇప్పుడు రెండు నొప్పులు. "నోరింకా తెరు, ఇంకా తెరు" అని అరుస్తూనే ఉంది పాపం. నేను తెరవలేదు. అందుకే చిగురు మీద పడింది.

లవంగం నలిపి అదిమాను. నయం. ఉప్పేసిన గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించాను. అదీ నయం. కాసేపు. అన్నీ కాసేపే.

ఫిబ్రవరి 8

మా ఆయన పోర్టు నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా —

"సెంప మీద సెయ్యేసుకుని కూకున్నావేటే?"

"సినిమాల్లో హీరోయిన్లు ఇలాగే కూకుంటారు."

"పన్నా?"

"కాదు. అందం."

రేపు చర్చి హాల్లో పళ్ళ క్యాంపట. ఉచితమట. నాతో రా అన్నాడు.

"పై పన్ను పీకితే కళ్ళు పోతాయి మావా. కళ్ళు పోతే నీ మొకం నాకెలా కనపడతాది?"

"కనపడకపోతే నీకే మంచిది కదేటి."

ఈమధ్య మా ఆయనకి మాటలొస్తున్నాయి. నా సావాసం.

కళ్ళ సంగతి నేను నమ్మను. వీధి మొత్తం నమ్ముతుంది. దాక్కోవడానికి మంచి తడిక.

ఫిబ్రవరి 9, ఆదివారం

తట్ట పొద్దున్నే ఖాళీ అయిపోయింది. ఆదివారం కదా. సాకు దొరకలేదు. వెళ్ళాం.

చర్చి హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, నుదుటికి లైటు కట్టుకున్న చిన్నపిల్లలాంటి డాక్టరమ్మ. నా ముందు ఒక ముసలాయన నోరు తెరిచాడు. ఆ పిల్ల చిన్న అద్దం లోపలికి పెట్టి కింద చూసింది, పక్కలు చూసింది, పైకి చూసింది. పైకి.

నా వంతు వచ్చింది.

"ఎవరికమ్మా నొప్పి?"

"ఈయనకే డాక్టరమ్మా. రాత్తిరంతా ఒకటే మూలుగు. బయమెక్కువ, నోరిప్పి సెప్పడు."

మా ఆయన నోరు తెరిచాడు, కాదని చెప్పడానికి. ఆ పిల్ల అదే అదునని అద్దం పెట్టేసింది. "ఆ... ఆ..." అంటూ చేతులూపుతున్నాడు. "నొప్పి ఎక్కడో చూపిస్తన్నాడు పాపం" అన్నాను. బయట ఆగి ఉన్న వ్యానులోకి తీసుకెళ్ళి, ఇన్నేళ్ళ బీడీ గార అంతా మిషను పెట్టి గీకేశారు. కిటికీలోంచి నా వైపు చూసిన చూపు ఉంది కదా... పెళ్ళిలో కూడా అంత సేపు చూడలేదు నన్ను.

గీకుతూ ఆ పిల్ల ఆయనకి పాఠం చెప్పింది. నేను వ్యాను మెట్టు దగ్గర నిలబడి విన్నాను. "పన్ను పైన గట్టి పెంకు, లోపల నరం ఉంటుందండీ. తీపి, అన్నం మెతుకులు ఇరుక్కుని పులిసి ఆ పెంకుని తినేస్తాయి. పెంకులో చిన్న గుంట పడ్డప్పుడు నొప్పే ఉండదు. అప్పుడొస్తే పూడ్చేస్తాం, పన్ను బతుకుతుంది. మీరందరూ నరం దాకా పోయాక ఏడుస్తూ వస్తారు. ఇంకోటి... ఒకరోజు నొప్పి దానంతటదే ఆగిపోతుంది. తగ్గిందనుకోకండి. నరం చచ్చిపోయిందన్నమాట. చీము పట్టడం అప్పుడే మొదలు." రాత్రి పడుకోబోయే ముందు తోముకోమంది. బొగ్గు, ఇటికపొడి వద్దంది. బిళ్ళ మింగాలి గానీ చిగురు మీద పెట్టకూడదంది. పొగాకు అసలు తగలనివ్వద్దంది.

చివర్లో నా వైపు తిరిగి, "మీరు కూడా రండమ్మా, ఒకసారి చూస్తాను."

"నాకేటి డాక్టరమ్మా, గుర్రం పళ్ళు." మూతి బిగించి నవ్వాను.

ఇంటి మలుపు దగ్గరికి వచ్చాం. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు.

"మీ అమ్మ గురించా?" అన్నాడు.

అంతే. ఒక్క మాట. చివర్లో అమ్మను ఆసుపత్రికి మోసింది ఆయనే.

ఫిబ్రవరి 10

మా ఆయన రాత్రి కూడా పళ్ళు తోముతున్నాడు. నీళ్ళు తగిలితే జివ్వుమంటోందట. "ఎవడి నోరో అద్దెకి తెచ్చుకున్నట్టున్నాది" అంటున్నాడు. అద్దంలో పళ్ళు చూసుకుంటున్నాడు కూడా, నేను చూడట్లేదనుకుని.

బియ్యం డబ్బా వెనక పెట్టిన నా చుట్టల కట్ట లేదు. ఆయన పనే. పైడమ్మ దగ్గర తీసుకున్నాను.

ఫిబ్రవరి 12

ఆగిపోయింది!

లేస్తే నొప్పి లేదు. టీ వేడివేడిగా తాగాను, ఏమీ లేదు. హార్బర్లో ఐసుగడ్డ నోట్లో వేసుకుని చూశాను. ఏమీ లేదు. వీధి అదిరేలా కేక వేశాను. మేష్టారు కిటికీ మూసుకున్నారు. జిల్లేడు పాలే పని చేశాయంది పైడమ్మ. చేతులు పట్టుకుని గుండ్రంగా తిప్పాను దాన్ని.

ఫిబ్రవరి 13

నరం చచ్చిపోయిందన్నమాట.

క్యాంపులో ఆ పిల్ల ఈ మాట ఆయనకి చెప్పింది. కానీ చెవులు నావి కూడా.

ఫిబ్రవరి 15

చెంప బరువు. పన్ను పైన చిగురు ఉబ్బింది, వేలితో నొక్కితే మెత్తగా... నోట్లో ఏదో చెడ్డ రుచి. పైడమ్మ ఉప్పు వేయించి మూట కట్టి కాపడం పెట్టింది. వేడికి హాయిగా ఉంది. రెండోసారి నేనే అడిగి పెట్టించుకున్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

కుడి కన్ను మూసుకుపోయింది. అద్దంలో చూసుకున్నాను — పండుగప్ప చేప. అమ్మకానికి పెడితే మంచి రేటొస్తుంది. పన్ను పీకితే కన్ను పోతుందన్నారు. పీకకపోయినా పోతోంది.

జ్వరం. వణుకు. తట్ట ఎత్తలేదు. ఆదివారం నేను తట్ట ఎత్తకపోవడం, పిల్లల పురుళ్ళప్పుడు తప్ప, ఎప్పుడూ లేదు.

మా ఆయన చాప పక్కన కూర్చున్నాడు. "రేపు పెద్దాసుపత్రి" అన్నాడు. తడిక కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు. అమ్మ మొహం ఇలాగే ఉండేది, కుడివైపు.

ఫిబ్రవరి 17

రాస్తున్నాను, ఎడం కన్నుతో.

ఇక్కడా ఆడ డాక్టరే. పెద్దావిడ, మాటలు తక్కువ. సూది పొడిచి, చిగురు కోసి చీము తీసింది. వాసనకి నేనే మొహం తిప్పుకున్నాను. చేపలమ్మే దాన్ని, నేను.

"వేడి కాపడం ఎవరు పెట్టమన్నారు?"

"మా డాక్టరు. పక్కింట్లో ఉంటాది."

నవ్వలేదు. "ఇంకొక రోజు ఆగితే ఏమయ్యేదో తెలుసా? చీము కంటి వెనక్కి పోయేది. ఇంకా పెద్దగా తెరవండి."

"ఇంకా తెరిస్తే మీ ఆసుపత్రి పట్టేస్తాది డాక్టరమ్మా."

దానికీ నవ్వలేదు. తెరిచాను. ఇంక చేసేదేముంది. అద్దం పన్ను దగ్గర ఆడింది, పక్కకి వెళ్ళింది, పైకి తిరిగింది.

ఆగింది.

లైటు దగ్గరికి లాక్కుంది. చాలా సేపు. గోడ మీద బల్లి ఉంది, దాన్నే చూశాను. బల్లి కదిలితే ఏమీ లేనట్టు అనుకున్నాను. కదల్లేదు, దొంగముండ.

"చుట్ట తాగుతారా?"

"అప్పుడప్పుడు."

"అడ్డంగానా?"

నేను బల్లిని చూస్తున్నాను. మా ఆయన, వెనక నుంచి — "అవునమ్మా."

"ఎన్నాళ్ళ నుంచి ఉందిది?"

"ఏది?"

"మీకు తెలుసమ్మా" అంది. మెత్తగానే అంది.

తెల్లగా ఉందట, మధ్యలో ఎర్రగా ఉందట. చూసి చెప్పేది కాదట. వాపు దిగాక పన్ను తీసేటప్పుడే అక్కడ చిన్న ముక్క కోసి పరీక్షకి పంపుతారట. చాలామందికి పొగ మానేస్తే దానంతటదే తగ్గుతుందట. కొందరికి తగ్గదట. నేను చాలామందిలో ఉన్నానో కొందరిలో ఉన్నానో ఆ ముక్క చెప్పాలి.

"నొప్పి నేదు కదమ్మా అక్కడ" అన్నాను.

"అదే దీనితో కష్టం" అంది.

ఫిబ్రవరి 18

బిళ్ళలు. గంజి. కన్ను సన్నగా తెరుచుకుంది. పైడమ్మ తొంగిచూసి, "ఓలమ్మ, బతికున్నావా! నీ తట్ట నానే తీసేసుకుందారనుకున్నాను" అంది. ముక్క సంగతి చెప్పలేదు దానికి.

ఫిబ్రవరి 21

పన్ను తీసేశారు. సూది చురుక్కుమంది, అంతే. తర్వాత ఎవరో పక్కింటి గోడలో మేకు పీకుతున్నట్టు చప్పుడు. దీనికా ఇన్నాళ్ళు చచ్చాను?

కళ్ళు రెండూ ఉన్నాయి. మా ఆయన మొహం బాగానే కనపడుతోంది, నా ఖర్మ.

అంగిట్లో ముక్క కూడా తీశారు. బియ్యపు గింజంత. సీసాలో వేసి మూత పెట్టారు.

పన్ను అడిగి తెచ్చుకున్నాను. ఆయన క్యారేజీలో మాగాయ పక్కన పెడదామని. పెట్టలేదు. అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. పక్కన నల్లటి గుంట, మినపగింజంత లేదు. అంత సందులోంచి ఇంత అరుపు! అరిచింది కాబట్టి ఆసుపత్రికి వెళ్ళాను. పైనున్నది ఇన్నాళ్ళూ నా నోట్లో ఉండి ఒక్క మాట కూడా అనలేదు. నా నోట్లో ఉండి!

ఫిబ్రవరి 23

తాగలేదు.

హార్బర్లో వేలంపాట. చుట్టూ మా ఆడవాళ్ళు. పెదాలు మూసుకుని, నిదానంగా, చేపలు చూస్తున్నారు. బయటికి ఏమీ కనపడదు. లోపల నిప్పు ఉందని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. నాకు నోరంతా ఖాళీగా ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, పెళ్ళికొడుకులాగ. యాలక్కాయ నమిలాను. సోంపు నమిలాను. ఒకడిని అనవసరంగా తిట్టాను. అది కాస్త నయం.

ఫిబ్రవరి 24

తాగలేదు. కట్ట ఎక్కడ దాచాడో కనిపెట్టేశాను. ఆయన షేవింగు డబ్బాలో. చూశాను. మూత పెట్టేశాను. మళ్ళీ చూశాను.

ఫిబ్రవరి 26

శివరాత్రి. బేరం లేదు. గుమ్మంలో కూర్చుంటే పైడమ్మ వచ్చింది, దవడ పట్టుకుని.

"వొదినా, ఒక్క దమ్ము ఇయ్యవా. ఉపోసం మీదున్నాను, పన్ను సంపేత్తంది."

"మానేసినాను."

"నువ్వా? ఇంకో కత సెప్పు."

"నోరు తెరు."

"ఏటి, పీతనెడతావా?"

"తెరే!"

ఫోను లైటు వేశాను. పన్ను కనపడింది. కింది దవడ, చివరిది, నల్లగా. అక్కడితో ఆపొచ్చు. లైటు పైకి తిప్పాను.

నా నోట్లో ఏముందో నేను ఇప్పటిదాకా చూసుకోలేదు. నాలుకతో తడమడమే. అద్దం ముందు నిలబడి పళ్ళు ఇకిలించడమే తప్ప తల వెనక్కి వంచలేదు. ఇవాళ దాని నోట్లో చూశాను. ఎండిన తెలుపు, అక్కడక్కడా ఎర్ర చుక్కలు. అంటే నాదీ ఇలాగే ఉంటుంది.

"ఏటొదినా, అలగైపోనావు?"

"పన్ను పుచ్చినాది. రేపు నా రిపోర్టొస్తాది. నాతో రా, సూపిద్దాం."

"పన్నుకేనా?"

"పైన కూడా ఉన్నాదే. నాకున్నట్టే."

నా మొహం చూసింది. ఒక్క క్షణం నమ్మినట్టే ఉంది. తర్వాత పకపకా నవ్వింది. "నీ యాక్టింగు తగలెయ్యా! మొన్న నీ మొగుడికి పళ్ళు గీకించినావు, ఇప్పుడు నాకా?" దవడ పట్టుకుని నవ్వుతోంది, నొప్పికి కళ్ళనీళ్ళు కారుతున్నాయి, ఇంకా నవ్వుతోంది. నేను నవ్వలేదు. నేను నవ్వకపోవడం చూసి మరీ నవ్వింది.

వెళ్ళిపోయింది, ఎవరి దగ్గరో చుట్ట దొరక్కపోతుందా అంటూ.

ఫిబ్రవరి 27, గురువారం

బస్టాపులో రాస్తున్నాను. పుస్తకం సంచిలో వేసుకొచ్చాను, చేతులకి పని కావాలి కదా.

మా ఆయన డ్యూటీ నుంచి నేరుగా అక్కడికే వస్తానన్నాడు. రిపోర్టు నేను ముందే తీసి చూడకూడదట. చూస్తే మాత్రం అర్థమవుతుందా, ఇంగ్లీషులో ఉంటుంది.

పొద్దున్న పైడమ్మ తలుపు కొట్టాను. లోపలి నుంచి — "ఇంట్లో ఎవులూ నేరు వొదినా! సేపలకెల్లిపోనాను!" అని అరిచింది. ఇంకో రోజయితే నవ్వి చచ్చేదాన్ని.

ఆ మూసిన తలుపుకే చెప్పాను. అమ్మ సంగతి. పంటినొప్పి అని వెళ్ళడం. చిల్లు. గంజి ముక్కులోంచి రావడం. వీధికి వినపడుతుందని తెలిసే చెప్పాను. జోకు ఒక్కటీ వెయ్యలేదు. అలా చెప్పడం నాకు చేతకాదనుకున్నాను, కానీ వచ్చింది. తలుపు తెరుచుకోలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

ఒక బస్సు పోనిచ్చాను.

నాలుక పైకి పోతోంది. కోసిన చోట ఇంకా చురుకు.

ఇంకో బస్సు మలుపు తిరుగుతోంది. కండక్టరు తెలిసినవాడే. మెట్టు మీద నిలబడి చిల్లర వెతుక్కుంటూ కాసేపు ఆపగలను, ఆ విద్య నాకు బాగా వచ్చు.

వీధి చివర ఎవరో ఆడమనిషి. దవడ మీద కొంగు. పైడమ్మో, ఇంకెవరో... ఎండ మొహాన కొడుతోంది. మెల్లగా నడుస్తోంది, ఎవరైనా గానీ. ఆగింది. మళ్ళీ నడుస్తోంది.